మొదటి రాయి ఎవరిది

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం వైపు వెళ్లే బస్సు మా బడి ఉన్న ఊళ్లో రెండుసార్లు ఆగేది. మొదట పైవీధి మొగదల. మళ్లీ రెండు వందల అడుగులు పోకముందే కిందివీధి మొగదల. బదిలీ మీద వచ్చిన తొలిరోజు నేను తెలియక మొదటి స్టాపులోనే దిగబోయాను. చూస్తే బడి రెండు స్టాపులకూ సరిగ్గా నడిమధ్య ఉంది.

"ఒక్కచోట ఆపితే సరిపోదా?" అని కండక్టర్ని అడిగాను.

"సరిపోదు మేడం. ఈడ ఎక్కేటోళ్లు ఆడ ఎక్కరు. ఆడ దిగేటోళ్లు ఈడ దిగరు. మీరు యాడన్నా దిగండి, మీకేం" అన్నాడాయన.

నిజంగానే నాకేం లేదు. నాది నంద్యాల. మా నాయన చర్చి బడిలో తెలుగు పంతులు. మా ఆయన కరెంటాఫీసులో పనిచేసేవాడు. ఆ ఊళ్లో మాకు చుట్టాలు లేరు, పొలం లేదు, పగ లేదు. సోషల్ టీచరుగా వెళ్లాను. పొద్దున్నే రొట్టెలు కట్టుకుని, నంద్యాలలో ఒక బస్సు, ఆళ్లగడ్డలో ఇంకో బస్సు ఎక్కి, కిటికీలోంచి నల్లమల కొండల్ని చూసుకుంటూ పోవడం నాకు ఇష్టంగానే ఉండేది. వానాకాలంలో ఆ కొండలు బస్సు పక్కకే వచ్చి నిలబడినట్లుండేవి.

ఊళ్లో అన్నీ రెండేసి ఉన్నాయని నెల తిరిగేసరికి తెలిసింది. టీ అంగళ్లు రెండు, నీళ్ల ట్యాంకులు రెండు, రామాలయాలు రెండు. బడి మాత్రం ఒకటే, ఎందుకంటే దాన్ని సర్కారు కట్టింది. ఆ ఒక్క బడిలోనూ పిల్లలు కుడివైపు బెంచీల్లో పైవీధి, ఎడమవైపు బెంచీల్లో కిందివీధి. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చునేవాళ్లు. ఆడపిల్లలొక పక్క, మగపిల్లలొక పక్క కూర్చోవడం నేను చాలా బళ్లల్లో చూశాను. వీధుల వారీగా కూర్చోవడం అక్కడే చూశాను.

కారణం ముక్కలు ముక్కలుగా తెలిసింది. దాదాపు ముప్పై ఏళ్ల కిందట ఊళ్లో ఎద్దుల బండలాగుడు పోటీ జరిగింది. పెద్ద రాతిబండకు గొలుసు కట్టి ఎద్దుల జతతో లాగిస్తారు, ఇచ్చిన గడువులో ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. ఆరోజు ఆఖరున పైవీధి జతా కిందివీధి జతా మిగిలాయి. గడువు ముగిసిన ఈల పడకముందే మా ఎద్దులు గీత దాటాయని పైవీధి వాళ్లు అన్నారు. ఈల పడ్డాకే దాటాయని కిందివీధి వాళ్లు అన్నారు. మాటా మాటా పెరిగింది, రాళ్లు లేచాయి. పైవీధిలో ఒక మనిషి, కిందివీధిలో ఒక మనిషి చనిపోయారు. కేసులు చాలా ఏళ్లు నడిచి చివరికి సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి పొసగక కొట్టేశారు. ఆ తర్వాత ఏ వీధి వాళ్లు ఆ వీధిలో తమ మనిషికి ఒక రాయి పాతుకున్నారు. రెండు రాళ్ల మీదా దాదాపు ఒకే మాట ఉంటుంది: ఎదుటివాళ్ల దౌర్జన్యానికి బలైనవాడు.

ఇదంతా నాకు ఎవరో చెప్పిన కథ లాగే ఉండేది. దాన్ని కదిలించింది నేనే, అదీ తెలియకుండా. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చాను. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లను అడిగి మీ ఊరి చరిత్ర రాసుకురండి అన్నాను. పంటల గురించో, పాత బావుల గురించో, కరువు గురించో రాసుకొస్తారని నా ఊహ. సోమవారం ఒక పైవీధి పిల్ల లేచి చదివింది. మొదటి రెండు వాక్యాలు పసుపు పంట గురించి. మూడో వాక్యం ఇది: "కిందివీధి వాళ్లు ఓడిపోయినామనే కోపంతో ముందుగా రాళ్లు విసిరి మా ఊరి పెద్దమనిషిని చంపినారు."

ఎడమవైపు బెంచీలో ఒక పిల్ల లేచింది. "అబద్ధం మేడం! ముందు విసిరింది వాళ్లు. మా జేజి సూసింది."

"మా తాత గూడా సూసినాడు!"

తరగతి మొత్తం లేచి నిలబడింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు కానీ ఆ పిల్లల ముఖాల్లో పెద్దవాళ్ల కోపం ఉంది. వాళ్లు పుట్టడానికి చాలా ఏళ్ల ముందరి సంగతి అది. బల్ల మీద డస్టరుతో కొట్టి నిశ్శబ్దం చేయించాను, నోట్‌బుక్కులు సంచుల్లో పెట్టించేశాను.

మరుసటి రోజు ఇంటర్వెల్ వేళకు బడి గేటు దగ్గర రెండు గుంపులు. పైవీధి తరఫున ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. ఆనాటి పోటీలో పైవీధి జతను తోలింది ఆయనే.

"మా పాప సదివింది నిజమే గదా టీచరమ్మా, యాలా ఆపినావ్?" అన్నాడు.

కిందివీధి గుంపులోంచి మరో గొంతు. "బడిలో అబద్ధాలు సదివిస్తాండారా మేడం? ఇదేనా మీరు చెప్పే సోషలు?"

హెడ్మాస్టరు నన్ను లోపలికి పిలిచి చేతులు జోడించినంత పనిచేశాడు. "మేడం, నాకింక రెండేళ్ల సర్వీసుంది. ఆ ప్రాజెక్టు వదిలేయండి. బావులు, చెట్లు, పండగలు రాయించండి, చాలు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్నం కలుపుకుంటూ, "నువ్వు చరిత్ర చెప్పు, చెయ్యబాక" అన్నాడు. నాకూ అదే సరైనదనిపించింది. కానీ ఒక సంగతి మనసులోంచి పోలేదు. రెండు గుంపుల్లో ఏ ఒక్కరూ ఆ సంగతి రాయొద్దని అనలేదు. నిజం రాయమనే ఇద్దరూ వచ్చారు.

అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎవరికీ నొప్పి కలగకుండా నేనే ఒక పేజీ రాశాను. "పూర్వం ఒక పోటీ సందర్భంగా జరిగిన అనుకోని ఘటనలో ఇరువర్గాలకూ నష్టం వాటిల్లింది. అనంతరం గ్రామస్తులు శాంతియుతంగా జీవిస్తున్నారు." పత్రికల్లో వచ్చే భాష. తల్లిదండ్రుల సమావేశంలో హెడ్మాస్టరు ఒప్పుకుంటే దాన్ని చదివాను. ఇక గొడవ సద్దుమణుగుతుందని నమ్మాను.

పైవీధి వరుసలో వెనకాల ఒక అవ్వ కూర్చుని ఉంది. మనుమరాలి కోసం వచ్చింది. ఆరోజు చనిపోయిన పైవీధి మనిషి ఆమె భర్త. నేను చదవడం అయిపోయాక ఆమె నెమ్మదిగా లేచింది.

"అనుకోని ఘటన అంటే ఏందమ్మా? నా మొగుడేమన్నా పాముకాటుకు పోయినాడా? మనుషులు కొడితే పోయినాడు. అది రాయనప్పుడు ఇంగ రాసేదేంది?"

అప్పుడు ఎడమ పక్కనుంచి, గోడకు ఆనుకుని కూర్చున్న ఇంకో అవ్వ, ఇటు చూడకుండా, నేలకేసి చూస్తూ అంది. "ఆ మాట నిజమే."

ఆమె కిందివీధిలో చనిపోయిన మనిషి భార్య. ఆ ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు బదులివ్వడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారట. తర్వాత బయటికొచ్చినప్పుడు పక్క టీచరు నా చెయ్యి పట్టుకుని ఆ సంగతి చెప్పింది. నేను రాసిన పేజీ ఎవరిదీ కాలేదు. కానీ దాన్ని కాదనడంలో ఇద్దరూ ఒక్కటయ్యారు.

ఆ పేజీ చించేశాను. ఆళ్లగడ్డలో ఒక లావుపాటి నోట్‌బుక్కు కొన్నాను. ఎడమ పేజీ కిందివీధిది, కుడి పేజీ పైవీధిది. ఒకరి పేజీ మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఒకే ఒక్క నియమం పెట్టాను: కంటితో చూసిందే చెప్పాలి. విన్నది చెబితే, ఎవరి నోట విన్నారో అది కూడా చెప్పాలి. హెడ్మాస్టరు కొన్ని రోజులు ముఖం ముడుచుకున్నాడు కానీ వద్దనలేదు. "రాసుకోండి మేడం, బడి ముద్ర మాత్రం వేయబాకండి" అన్నాడు.

శనివారాలు బడి విడిచాక గంటన్నర సమయం ఆ పనికే పెట్టుకున్నాను. ఒక వారం పైవీధి, ఒక వారం కిందివీధి. మొదట్లో ఎవరూ మాట్లాడలేదు. కానీ మన వైపు ఇళ్లల్లో మనిషొస్తే ఊరికే పంపరు. ఒక ఇంట్లో బొరుగులు పెట్టేవాళ్లు, ఇంకో ఇంట్లో ఉడకబెట్టిన చెనిక్కాయలు పెట్టేవాళ్లు. తింటూ కూర్చుంటే మాట దానంతటదే వచ్చేది. ఎద్దుల సంగతితో మొదలుపెట్టేవాళ్లు. ఆ ఎద్దుల గురించి మాత్రం రెండు పేజీల్లో తేడా లేదు. పైవీధి జతలో ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది. కిందివీధి జత రెండూ ఎర్రవి, ఒకదానికి కొమ్ము వంకర. ఎదుటివాళ్ల ఎద్దుల్ని కూడా అంత ప్రేమగా వర్ణిస్తుంటే నాకు ఆశ్చర్యమేసేది. మనుషుల దగ్గరికొచ్చేసరికే గొంతులు మారేవి.

మొదటి రాయి ఎవరిది అనేదానికి మాత్రం ఎంత మంది ఉంటే అన్ని జవాబులు. ఎర్ర తువ్వాలు కట్టుకున్నవాడు విసిరాడని ఒకరు. మిద్దె మీదనుంచి పడిందని ఒకరు. నేను ఒక్కటే ప్రశ్న అడిగేదాన్ని. "మీరు చూశారా?" చూశానన్న మనిషి కాసేపటికి, మా బావ చెప్పినాడు అనేవాడు. ఆ బావ దగ్గరికి పోతే, మా వాళ్లందరూ అనుకున్నారు అనేవాడు.

గేటు దగ్గర నన్ను నిలదీసిన పైవీధి పెద్దాయన దగ్గరికి చాలా ఆలస్యంగా వెళ్లాను, భయం వల్ల. ఆయన నులకమంచం వాల్చి కూర్చోమన్నాడు. పోటీ సంగతంతా చెప్పాడు. బండ ఎట్లా కదిలిందీ, బూడిద ఎద్దు మోకాళ్లు ఎట్లా వంగిందీ. రాళ్ల సంగతి వచ్చేసరికి ఆగాడు.

"నాయనా, మొదటి రాయి మీరు చూశారా?" అని అడిగాను.

చాలాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "సూళ్లేదమ్మా. నేను ఎద్దుల మోర పట్టుకోని నేలకే సూస్తాండా. తల ఎత్తేతలికి రాళ్లు పడతాండాయి."

"మరి కోర్టులో...?"

"సూసినానని చెప్పినా. ఊరందరికీ చెప్పినా. నా మనుమరాలికీ చెప్పినా. చెప్పీ చెప్పీ ఇప్పుడు కండ్లు మూసుకుంటే సూసినట్లే ఉండాది. రాసుకో టీచరమ్మా. ఇది గూడా రాసుకో."

రాసుకున్నాను. ఆయన లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించాడు. బరువు దించుకున్న మనిషిలా తేలిగ్గా కనిపించాడు. తరగతిలో మొదట లేచి చదివిన పిల్ల తాత ఆయనే.

ఆ మాట కుడి పేజీలో ఎక్కిన తర్వాత ఎడమ పేజీకి కూడా ధైర్యం వచ్చింది. కిందివీధిలో ఇద్దరు, మేమూ చూళ్లేదని చెప్పారు. చివరికి ఆ పుస్తకంలో మొదటి రాయిని కళ్లారా చూసిన మనిషి ఒక్కరు కూడా మిగల్లేదు.

అవ్వలిద్దరితోనూ వేరే వేరే శనివారాల్లో మాట్లాడాను. ఇద్దరి మాటల్లోనూ ఒక ట్రాక్టరు వచ్చింది. "ట్రాక్టర్లో ఏసుకోని ఆళ్లగడ్డకు పోయినాం, దారిలోనే పాయె" అంది పైవీధి అవ్వ. "ట్రాక్టర్లో ఎక్కించినారు. ఆస్పత్రి గేటు దాకా పానంతో ఉన్న్యాడు" అంది కిందివీధి అవ్వ. ఇద్దరినీ అడిగాను, ట్రాక్టరు ఎవరు నడిపారని. ఇద్దరూ ఒకే మనిషి సంగతి చెప్పారు. రెండు వీధులకూ చెందని, ఊరి బయటి పేట కుర్రవాడొకడు అప్పట్లో డ్రైవరుగా పనిచేసేవాడనీ, గొడవ తర్వాత ఊరు విడిచి ఆళ్లగడ్డకు పోయాడనీ, అక్కడ విగ్రహాలు చెక్కే చోట పని నేర్చుకున్నాడనీ.

ఆళ్లగడ్డలో రాయి చెక్కే షెడ్లు రోడ్డు పొడవునా ఉంటాయి. రోజూ బస్సులోంచి చూసేదాన్ని. సగం చెక్కిన నందులు, ముఖం ఇంకా రాని దేవుళ్లు, తెల్లటి రాతిపొడిలో మునిగిన మనుషులు. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి వెతుక్కుంటూ వెళ్లాను. మూడో షెడ్డులో దొరికాడు. జుట్టంతా నెరిసిపోయింది, లేదా రాతిపొడి పట్టింది. ఊరి పేరు చెప్పగానే ఉలి కింద పెట్టేశాడు.

"ఆ సంగతి నన్ను ఎవురూ అడగలేదు మేడం. పోలీసోళ్లు గూడా అడగలేదు" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఆరోజు ఊళ్లో డీజిలున్న ట్రాక్టరు ఒక్కటే. దెబ్బలు తగిలిన ఇద్దరినీ ఒకే ట్రాలీలో పక్కపక్కన పడుకోబెట్టారు. భార్యలిద్దరూ ఎక్కారు. మిగతా మగవాళ్లు అక్కడ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. రోడ్డు గుంతలమయం. వెనక్కి తిరిగి చూస్తే, కిందివీధామె తన చీర కొంగు చించి పైవీధి మనిషి తలకు కడుతోంది, ఆయన తల ఆమె పక్కకే ఉంది కాబట్టి. పైవీధామె చెంబుతో కిందివీధి మనిషి నోట్లో నీళ్లు పోస్తోంది.

"ఎవురు ఎవురి మొగుడో ఆయమ్మలకు ఆ పొద్దు పట్టలేదు మేడం. బేగా పోనీయప్పా, బేగా పోనీ అని ఇద్దరూ ట్రాలీ రేకు మీద చరుస్తాండారు. నాకు అదే మతికుండాది."

"మీరు ఊరెందుకు వదిలారు?"

"ఆళ్లను యాలా ఎక్కించుకుంటివి అని ఈళ్లడిగిరి. ఈళ్లను యాలా ఎక్కించుకుంటివి అని ఆళ్లడిగిరి. రెండు పక్కలా తిట్లు తినేదానికంటే రాళ్లు కొట్టుకునేది మేలనుకుంటి." అని నవ్వాడు. ఆయన భార్య పక్కనే కూర్చుని ఒక చిన్న విగ్రహాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతోంది. ఆమె కూడా ఆ కథ అప్పుడే మొదటిసారి వింటున్నట్లుంది. చెయ్యి ఆపేసి ఆయన ముఖం వైపే చూస్తోంది.

ఆ మాట మోసుకుని పైవీధి అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె చేటలో శనగలు చెరుగుతోంది. చెప్పాను. చెరగడం ఆపలేదు, కానీ గింజలు కింద పడుతున్నాయి.

"కట్టింది. కొంగు చించి కట్టింది" అంది. "ఆ పీలిక ఉతికి, మడిచి పెట్టినా, మళ్లా ఇద్దామని. ఎవురు పోనిచ్చినారు? మా బావలు గడప దాటనిచ్చినారా? ఆడికి పోతే మొగుని మీద పేమ లేనట్లంట. ఇద్దరం ఒక గుంపులోనే కలుపు తీసేటోళ్లం, టీచరమ్మా. ఆ పొద్దునించి ఆయమ్మ ఒక గుంపు, నేనొక గుంపు."

కిందివీధి అవ్వ మాత్రం నేను చెప్పకముందే కనిపెట్టినట్లుంది. "డ్రైవరప్ప చెప్పినాడా?" అని అడిగింది. నేను తలూపగానే, "నీళ్లు పోసింది. రెండు గుక్కలు మింగినాడు. నా కొడుకులకు చెప్పలేదమ్మా నేను. చెప్తే పగ ఇడుస్తారు, అప్పుడు వాండ్ల నాయన కోసం వాండ్లు ఏమీ చేయనట్లైతాదని... తప్పేనేమో" అంది.

ఈ సంగతిని ఏ పేజీలో రాయాలి? ఎడమ దానిలోనా, కుడి దానిలోనా? పుస్తకం తెచ్చి తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టి ఆ ప్రశ్నే అడిగాను. వాళ్లు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి పుస్తకం నడిమధ్య పిన్నులున్న చోట, రెండు పేజీలనూ కలిపి, ఈ అంచునుంచి ఆ అంచుదాకా వాక్యం రాశారు. అలా రాయమని నేను చెప్పలేదు.

ఆ తర్వాత, బడి వార్షికోత్సవానికి అందరూ ఒప్పుకునే నాలుగు వాక్యాలు రాద్దామని పిల్లలే అన్నారు. నాలుగు వాక్యాలకు రెండు నెలలు పట్టింది. "కొట్టినారు" అని రాస్తే ఎవరు అనే ప్రశ్న వస్తుంది. "కొట్టబడ్డారు" అని రాస్తే, అట్లా ఎవరన్నా మాట్లాడతారా మేడం అని నవ్వారు. మొదటి రోజు అబద్ధం అని లేచిన కిందివీధి పిల్ల, "కొట్టుకున్నారు అని రాద్దాం" అంది. ఎద్దుల పెద్దాయన మనుమరాలు బోర్డు దగ్గర నిలబడి రాస్తోంది. చాక్‌పీసు ఆపి, "కొట్టుకున్నారు అంటే ఎవురో వేరే ఊరోళ్లు అనుకుంటారు. కొట్టుకున్నాం అని రాయల్ల" అంది.

"అయితే ముందు ఏం పెట్టాలి? మేము అనా, మనం అనా?" అని అడిగాను. నేను తెలుగు టీచర్ని కాదు, కానీ తెలుగు పంతులు కూతుర్ని. మేము అంటే ఎదుటివాళ్లు లేరు. మనం అంటే అందరూ ఉన్నారు. రెండు వైపుల బెంచీల్లోనూ గుసగుసలు మొదలయ్యాయి. ఆ పిల్ల ఇంకెవర్నీ అడక్కుండా బోర్డు మీద "మనం" అని రాసింది. కొన్ని ముఖాలు ముడుచుకున్నాయి. ఎవరూ లేచి చెరపలేదు.

ఊరి సమావేశంలో ఆ వాక్యాలను చదివినప్పుడు ఇంత సులువుగా జరగలేదు. పైవీధిలో ఒక యువకుడు, రాజకీయాల్లో తిరిగేవాడు, "మా మనిషి చావును పంచుకునేదేంది?" అని లేచి వెళ్లిపోయాడు. అతనితో ఇంకొందరు వెళ్లారు. మిగిలినవాళ్ల మధ్య ఇంకో పేచీ. ఇద్దరి పేర్లలో ఎవరి పేరు ముందు రాయాలి? గంట గడిచింది. అప్పుడు కిందివీధి అవ్వ గోడ దగ్గరినుంచే, "పెద్దోడు ఆయప్పే. ఆయప్ప పేరే ముందు రాయండి. నా మొగుడు ఉన్నప్పుడు గూడా ఆయప్పను అన్నా అనే పిలుస్తాండె" అంది. దాంతో ఆ మాట తీరిపోయింది.

ఆ నాలుగు వాక్యాలను రాయి మీద చెక్కిద్దామన్నది హెడ్మాస్టరు. ఆరోజు చేతులు జోడించిన మనిషే. ఆళ్లగడ్డ షెడ్డులోని ఆ డ్రైవరు కూలి తీసుకోలేదు. కడప బండలా నున్నగా ఉన్న పలక తెచ్చి అక్షరాలు తానే చెక్కాడు. పేర్లు తీసేసి ఆ మాటలు ఇక్కడ రాస్తున్నాను.

"ఈ ఊరి బండలాగుడు పోటీలో మనం కొట్టుకున్నాం. ఇద్దరు మనుషులు పోయారు. మొదటి రాయి ఎవరు విసిరారో చూసినవాళ్లు లేరు. ఇద్దరినీ ఒకే ట్రాక్టర్లో తీసుకుపోయాం, ఇద్దరు భార్యలూ ఇద్దరినీ చూసుకున్నారు."

పలకను బడి వరండా గోడలో పెట్టారు. వీధుల్లోని పాత రాళ్లను ఎవరూ తీయలేదు, తీయమని నేనూ అనలేదు. లేచి వెళ్లిపోయిన యువకుడు ఆ వరండాలోకి ఇప్పటికీ రాడని విన్నాను. పలక పెట్టిన రోజు ట్రాక్టరు నడిపిన ఆయన చాలా ఏళ్ల తర్వాత ఊళ్లోకి వచ్చాడు. ఏ వీధిలో భోజనం చేయాలో తెలియక బడిలోనే కూర్చుంటే, పైవీధి అవ్వ సంగటి ముద్ద, కిందివీధి అవ్వ గోంగూర ఊరుబిండి పచ్చడి తెచ్చి ఒకే ఆకులో వడ్డించారు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు అప్పుడు పెద్దగా మాట్లాడుకున్నది లేదు. "ఉప్పు సాలునా?" అని ఒకరు అడిగితే, "ఆయప్పనే అడుగు" అని ఇంకొకరు అన్నారు, అంతే. డ్రైవరాయన మాత్రం తలొంచుకుని తింటూ, మధ్య మధ్యలో భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

నేను రిటైరై మూడేళ్లవుతోంది. నంద్యాలలోనే ఉంటున్నాం. పోయిన చలికాలంలో ఒక ఉదయం పైవీధి పెద్దాయన మనుమరాలు ఫోన్ చేసింది. ఇప్పుడు నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. "మేడం, అవ్వోళ్లిద్దరికీ కండ్లాపరేషను. నంద్యాలలోనే చేస్తాండారు. ఇద్దరికీ ఒకే రోజిచ్చినారు. ఆస్పత్రి కాడ రెండు రోజులు ఉండల్లంట. మీ ఇంటికి తీసుకొస్తే...?"

రమ్మన్నాను. ఆపరేషన్ అయిన మరుసటి మధ్యాహ్నం ఇద్దరూ మా వరండాలో చాప మీద కూర్చున్నారు. ఒకామెకు కుడి కంటికి పచ్చ గుడ్డ, ఒకామెకు ఎడమ కంటికి. మా ఆయన వాళ్లకు చుక్కల మందు వేళ తప్పకుండా వేస్తూ, ఆఫీసులో ఎప్పుడూ లేనంత హోదా ఒలకబోస్తున్నాడు. నేను వంటింట్లో ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతుంటే వాళ్ల మాటలు వినిపించాయి.

"కలుపు తీసేప్పుడు ముందు సాలు పట్టేది నేను. నువ్వెప్పుడూ ఎనకే" అంది ఒకామె.

"నువ్వు ముందా? సెప్పేదానికన్నా సిగ్గుండల్ల మే! నీ సాలు గూడా నేనే తీస్తాంటి. నువ్వు గట్టు మీద కూసోని సెనిక్కాయలు నమిలేదానివి."

"ఎవురు సూసినారంట?"

"నేనే సూసినా. రెండు కండ్లూ బాగున్నప్పుడు!"

ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వితే కట్టు కదులుతుందని మా ఆయన గాభరాగా కేకేశాడు. వాళ్లు వినలేదు. నేను ఉల్లిపాయల కత్తిపీట పక్కన పెట్టి, వరండాలోకి వెళ్లి చాప మీద వాళ్ల మధ్య కూర్చున్నాను. ఎవరు ముందు సాలు పట్టారో సాయంత్రం వరకు తేల్లేదు. ఉప్మా చల్లారిపోయింది, మళ్లీ వెచ్చబెట్టుకుని తిన్నాం.